ఇరవయ్యేడో నంబరు చెట్టు

నేను మోసగాణ్ణి కాను. తాడేపల్లిగూడెంలో టెంట్ హౌస్ వాణ్ణి. రెండింటికీ తేడా తెలియనివాళ్లు ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. మీ ఇంట్లో పెళ్లికి గేటుకి రెండు పక్కలా గెలలతో సహా అరటిచెట్లు నిలబెట్టింది ఎవరు? నాలాంటి నిత్యానందమే కదా. వాటికి వేళ్లున్నాయా అని ఎప్పుడైనా అడిగారా? లేదు. వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగారు, భోంచేశారు, తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయారు. మర్నాడు ఆ చెట్లు గేదెల పాలయ్యాయి. అప్పుడెవరూ నన్ను దొంగ అనలేదు. జగ్గారావు వెంచర్లో అరవై చెట్లు నిలబెట్టినందుకు మాత్రం ఇప్పటికీ ఊళ్లో నన్ను చూసి మూతి పక్కకి తిప్పుకుని నవ్వుతారు.

జగ్గారావుది కలిదిండి వైపు. చేపల చెరువుల మనిషి. కొల్లేట్లో సర్కారు చెరువు గట్లు కొట్టించేసిన మరుసటి ఏడాది, ఇక నీళ్లని నమ్ముకుని లాభం లేదని నేల మీద పడ్డాడు. తణుకు రోడ్డులో ఎనిమిదెకరాల వరిచేను కొని, ఎర్రమట్టి తోలించి, రాళ్లు పాతించి, 'హరితవనం గార్డెన్ సిటీ' అని బోర్డు పెట్టాడు. మట్టి లారీలు తిరగడానికి అడ్డమని గట్ల మీదున్న తాటిచెట్లూ తుమ్మలూ ముందే కొట్టించేశాడు. హరితవనంలో పచ్చగా మిగిలింది ఆ బోర్డు మీద రంగొక్కటే.

ఆ తర్వాత హైదరాబాదులో ఏదో మీటింగుకి వెళ్లొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే మా కొట్టుకొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నిత్యానందం గారూ, చెట్టుంటేనే రేటంటండీ! చెట్టుకి ఎదురుగా ఉన్న ప్లాటుకి గజానికి మూడొందలు ఎక్కువెయ్యొచ్చంట. పక్క ప్లాటుకి రెండొందలు. మేడ కట్టుకుంటే మేడ మీంచి చెట్టు కనబడే ప్లాటుకి కూడా ఓ యాభై లాగొచ్చండి."

"మరి ఉన్న చెట్లన్నీ కొట్టించేశారు కదండీ?"

"అప్పుడు నాకు తెలీదు కదండీ," అన్నాడు. పాపం, ఆ మొహంలో నిజమైన దుఃఖమే కనిపించింది.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెప్పిద్దామన్నాను. ఆయన తన మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "ఇంత మొక్కకి ఎవరండీ మూడొందలిచ్చేది? చెట్లు కావాలండి. వచ్చే ఆదివారానికి నీడ పడాలి. ఏలూరు నుంచి బస్సుల్లో జనాన్ని దింపుతున్నాను."

కుదరదు అనేస్తే పోయేది. అనలేకపోవడమే నా జబ్బు. మా వృత్తిలో ఆ మాట నోట రాదు. పైగా అదే వారంలో కాలవ గట్టు పొడుగునా కరెంటు తీగలకి అడ్డమొచ్చిన కొమ్మలు కొట్టి పడేసి ఉన్నాయి. రెండు ట్రాక్టర్ల కొమ్మలు తెచ్చాం. చేతి లావువి ఏరి, మొదళ్లు చెక్కి, రోడ్డుకి రెండు వైపులా గుంటలు తీసి నిలబెట్టి, మట్టి దిమ్మిస కొట్టి నీళ్లు పోశాం. శ్రావణమాసం, ముసురు. కొమ్మలు వాడకుండా నిలిచాయి. పని అయ్యాక గేటు దగ్గర నిలబడి చూస్తే నాకే ముచ్చటేసింది.

ఆదివారం ఏలూరు నుంచి బస్సులొచ్చాయి. రెండో బస్సులోంచి, చేతిలో గొడుగుతో, మా అత్తగారు దిగింది.

సుందరమ్మ గారు. నా భార్య ఇందుకి తల్లి. ఏలూరులో ఒక మిషను బాలికల హాస్టల్లో ముప్పై ఒక్కేళ్లు వార్డెను చేసి ఆ మే నెలలోనే రిటైరయింది. ఆవిడ గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. హాస్టలు పెరట్లో మంచి నీడనిచ్చే చెట్టుండేది గాని, తను వెళ్లి కూర్చుంటే పిల్లలు భయపడి లేచిపోతారని ముప్పై ఒక్కేళ్లలో ఒక్క పూట కూడా ఆ చెట్టు కింద కూర్చోలేదు. ఈ మాట నాకు ఇందు చెప్పింది.

పులిహోర పొట్లాలు పంచడం మొదలయ్యేసరికి ఆవిడ ఇరవయ్యేడో నంబరు ప్లాటు ముందు నిలబడి ఉంది. అక్కడ నేను పాతింది గంగరావి కొమ్మ. మా కాలవ గట్ల మీద ఎక్కడ చూసినా ఉండేదే. దాని మొదలు మీద చెయ్యి వేసి, చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతోంది.

"అల్లుడు గారూ! మీరిక్కడేంటండీ?"

"షామియానా మనదేనండీ అత్తయ్యగారూ."

"చూశారా, దేవుడు మనిద్దర్నీ ఒక్కచోటికి ఎలా తెచ్చాడో! ఇదిగో, ఈ చెట్టు నాదండీ. చూడగానే అనిపించేసింది. ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకుని, దీని కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఇక నన్నెవరూ లేపక్కర్లేదు, నేనెవర్నీ లేపక్కర్లేదు."

పక్కనే జగ్గారావు రసీదు పుస్తకం పట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డాడు.

"ఆలోచించుకోండి అత్తయ్యగారూ. నేల పల్లమండీ ఇది."

"పల్లమైతే మంచిదే కదండీ, చెట్టుకి నీళ్లు నిలుస్తాయి."

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా, చెట్టుకి ఎదురుగా ఉన్నందుకు గజానికి మూడొందలు ఎక్కువేసి మరీ, ఆ ప్లాటు మీద పెట్టేసింది. అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. పిరికివాణ్ణి. ఆ మాట నేనే ఒప్పుకుంటున్నాను గనక ఇంకెవరూ అనక్కర్లేదు.

"ప్రతి ఆదివారం చర్చి అవగానే పాసింజరెక్కి వచ్చేస్తానండీ, చెట్టుకి నీళ్లు పోసుకోవాలి," అని చెప్పి బస్సెక్కింది.

ఇక నా పాట్లు వినండి. వారం తిరిగేసరికి కొమ్మ వడిలిపోతుంది. కాబట్టి ప్రతి శనివారం పాతది పీకి కొత్త గంగరావి కొమ్మ పాతడం నా పనైంది. అచ్చం అంతే ఉన్న కొమ్మ ప్రతిసారీ ఎక్కడ దొరుకుతుందండీ? రెండో వారం దొరికింది జానెడు పొడుగెక్కువ. "అప్పుడే ఎదిగిందండీ!" అంది అత్తగారు. మూడో వారానిది పసుప్పచ్చ పూలతో ఉంది. ఆవిడ ఒక పువ్వు కోసి, బైబిల్లో పెట్టుకుంది. నాలుగో వారం కొమ్మలో కాకిగూడు ఉన్న సంగతి ట్రాక్టరెక్కించాకగాని చూసుకోలేదు. ఆ కాకి మా మీద అరుచుకుంటూ తణుకు రోడ్డు దాకా వెంటొచ్చింది. మర్నాడు దాన్ని చూసి మా అత్తగారు, "పక్షులు కూడా చేరాయండీ!" అని కళ్లు తుడుచుకుంది.

మిగిలిన యాభై తొమ్మిదీ ఎండి కట్టెలయ్యాయి. "ఆకు రాల్చే కాలమండీ," అని శ్రావణమాసంలో జనానికి చెప్పగలిగిన మనిషి జగ్గారావు ఒక్కడే. ఇరవయ్యేడు మాత్రం ఆయనకి కామధేనువైపోయింది. వచ్చినవాళ్లందర్నీ దాని దగ్గరికే తీసుకెళ్లేవాడు. 'మా నేలలో చెట్టు వారానికి జానెడు పెరుగును' అని కొత్త బోర్డు రాయించి, నేల సారానికని గజానికి మరో వంద కలిపాడు. రేటు చెట్టుకంటే జోరుగా పెరిగింది.

అయిదో శనివారం ముసురు బాగా పట్టింది. కాలేజీ పక్క కాలవ గట్టు మీద తొడ లావు గంగరావి కొమ్మ ఒకటి దొరికింది. బరువెక్కువని మూడడుగుల లోతు తీసి పాతి, తడిసి ముద్దై ఇంటికొచ్చాను. మర్నాడు అత్తగారు కళ్లద్దాలు సవరించుకుంటూ చెట్టు బెరడు మీదకి వంగింది.

"ఏవండీ అల్లుడు గారూ, ఇక్కడ 'బాబీ, ఇందు' అని చెక్కుంది. మధ్యలో ఈ బొమ్మేంటండీ, తమలపాకా?"

తమలపాకు కాదు. హృదయం. అందులో బాణం కూడా ఉంది. కాలేజీ కుర్రాడెవడో ఎప్పుడో చెక్కాడు, అక్షరాలు నల్లబడిపోయాయి.

"ఇందు అంటే మన ఇందూయేనా?"

కాదంటే, కిందటి వారం లేని అక్షరాలు ఈ వారం ఎలా వచ్చాయని అడుగుతుంది.

"అవునండీ. నేనే చెక్కానండీ."

"మరి బాబీ ఎవరండీ?"

"నేనేనండీ. చిన్నప్పుడు మా ఇంట్లో బాబీ అనేవారండీ."

ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. "పదకొండేళ్ల కాపురం చేశాక చెట్ల మీద పేర్లు చెక్కడమేంటండీ! మీరు భలేవారే బాబీ గారూ!" అంది. అంతే, ఆ రోజు నుంచి నేను బాబీ గారినైపోయాను.

ఇంటికెళ్లేసరికి ఇందు గరిట పట్టుకుని గుమ్మంలోనే ఉంది. "అమ్మ ఫోన్ చేసింది. ఎవరండీ ఈ బాబీ?"

దాచకుండా అంతా చెప్పాను. ముందు గోడకి చేరబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఆ చెట్టు కోసమే కదండీ మా అమ్మ ఉన్నదంతా పెట్టేసింది. చెప్పెయ్యండి."

"చెప్తాను."

"ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం."

ఈ జవాబు రెండు నెలలు చెప్పాను.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. పేరు చెక్కున్న కొమ్మని మార్చేదెలా? కొత్త కొమ్మ మీద చెక్కి చూశాను. పచ్చి బెరడు తెల్లగా పళ్లికిలించింది తప్ప పాత మచ్చలా నల్లబడదే! అత్తగారేమో వచ్చినప్పుడల్లా ఆ అక్షరాల మీద వేలితో రాస్తుంది. చేసేది లేక ఆ కొమ్మని అలాగే వదిలేశాను. రెండు వారాల్లో ఆకు పసుపెక్కింది, మూడో వారానికి మొత్తం రాలిపోయింది. మోడు మిగిలింది.

మా అత్తగారు మోడు ముందు వంగి, రాలిన ఆకులు ఏరి కొంగులో వేసుకుంది. తర్వాత, "నా చెయ్యి అచ్చిరాలేదండీ బాబీ గారూ," అంది.

ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నిజం చెప్పలేదు. ఆవిడ మాత్రం చెట్టుని వదల్లేదు. బోరింగు దగ్గర్నించి బిందెతో నీళ్లు మోసింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు, తన చెట్టుకి తనే పోసుకోవాలట. ఏలూరు నుంచి కోడిగుడ్డు పెంకులూ, టీ పొడి పిప్పీ సంచిలో వేసుకొచ్చి మొదట్లో చల్లింది. ఎండ తగలకుండా మోడుకి తన గొడుగు పట్టి, తను ఎండలో నిలబడింది. అరవయ్యేళ్ల మనిషి, ఎండుకట్టెకి గొడుగు పట్టడం చూసి నేను షామియానా గుడ్డల చాటుకి పోయి ఏడ్చాను. వింటున్నారా, ఏడ్చాను.

నవంబరులో ఒక ఆదివారం నిర్ణయం ప్రకటించింది. "ఒంట్లో బాగోనివాళ్లకి ప్రార్థన చేయిస్తాం కదండీ. చెట్టుకి మాత్రం ప్రాణం లేదా? పాస్టరు గారిని అడిగాను, వస్తామన్నారు. సంఘస్తులు కూడా ఓ నలభైమంది వస్తారు."

నలభైమంది అని వినగానే జగ్గారావు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నలభై మంది కస్టమర్లండీ! మొత్తం వరసంతా కొత్త చెట్లు వేసెయ్యండి. ఈ మోడు కూడా పీకి పారెయ్యండి."

"అది కుదరదండీ, దాని మీద పేరుంది."

"ఎవరిదండీ?"

"నాదే... కాదు... అదంతా పెద్ద కథ లెండి."

చూశారా, జన్మలో మొదటిసారి 'కుదరదు' అన్నాను. శనివారం యాభై తొమ్మిది కొత్త కొమ్మలు పాతి, ఇరవయ్యేడుని ముట్టుకోకుండా వచ్చేశాను.

ఆదివారం పన్నెండు గంటలకి అందరూ మోడు చుట్టూ చేరారు. పాస్టరు రాజరత్నం గారు బైబిల్లోంచి ఎండిన కర్ర చిగిర్చిన వాక్యం చదివి, "కళ్లు మూసుకుందాం," అన్నారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే అన్నం వార్చి కూర దింపి రావచ్చు. నలభైమంది కళ్లు మూసుకున్నారు. జగ్గారావు అందరికంటే గట్టిగా మూసుకున్నాడు. తెరిచి ఉన్నవి నా కళ్లే. కళ్లు మూసుకునే ధైర్యం నాకెక్కడిది?

అప్పుడొచ్చింది గేదె.

రోడ్డవతల మంగాయమ్మ గేదె అది. ఆ నేల వరిచేనుగా ఉన్నప్పుడు గట్టు మీది తాటిచెట్లకి మెడ రుద్దుకోవడం దానికి అలవాటు. ఇన్నాళ్లకి మళ్లీ చెట్లు కనబడ్డాయి కాబోలు, ఆనందంగా తోక ఊపుకుంటూ నేరుగా ఇరవయ్యో నంబరు చెట్టు దగ్గరికెళ్లి మెడ ఆనించింది. దభ్ మని పడింది చెట్టు.

"స్తోత్రం!" అన్నారెవరో కళ్లు మూసుకునే. భారం తట్టుకోలేక ఎవరో మోకరించారనుకున్నారేమో.

గేదె ఆశ్చర్యంగా ఆ చెట్టుని చూసి ఇరవయ్యొకటికి వెళ్లింది. దభ్. "స్తోత్రం!" ఇరవై రెండు. దభ్. "స్తోత్రం!" పాస్టరు గారికి ఉత్సాహమొచ్చి గొంతు పెంచారు. నేను చేతులతో అదిలించాను, "హై, హై" అని లోగొంతుకలో అరిచాను, చెప్పు తీసి విసిరాను. చెప్పు జగ్గారావు వీపుకి తగిలింది. పరిశుద్ధాత్మ తట్టిందనుకున్నాడో ఏమో, ఆయన కూడా "స్తోత్రం!" అన్నాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. ఇరవయ్యారు పడ్డప్పుడు దాని కొమ్మ పాస్టరు గారి తలని రాసుకుంటూ పోయింది. ఆయన కళ్లు తెరిచారు. అందరూ తెరిచారు.

రోడ్డు పక్కన ఏడు చెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. గొడ్డలితో చెక్కిన మొదళ్లు తెల్లగా ఎండలో మెరుస్తున్నాయి. గేదె మనుషుల్ని నెట్టుకుంటూ వచ్చి ఇరవయ్యేడో నంబరుకి మెడ ఆనించింది.

"అయ్యో, నా చెట్టు!" అంది మా అత్తగారు.

గేదె రుద్దింది. మోడు కదల్లేదు. ఇంకోవైపు తిరిగి, ఒళ్లంతా బరువేసి రుద్దింది. మోడు కదల్లేదు. గేదె కళ్లు అరమోడ్చి, ఇన్నాళ్లకి ఒక చెట్టు దొరికిందన్నట్టు హాయిగా నిట్టూర్చింది.

"గాలండీ, తుఫాను గాలి," అంటున్నాడు జగ్గారావు. ఆ మధ్యాహ్నం ఆకు కూడా అల్లాడ్డం లేదు.

అత్తగారు నా వైపు తిరిగింది. ముప్పై ఒక్కేళ్లు ఆడపిల్లల చేత నిజం చెప్పించిన చూపు అది.

"అల్లుడు గారూ, ఇవన్నీ మీరు పాతినవేనా?"

"ఆయ్. అవునండీ."

"ఇదీ?"

"ఇదీ కొమ్మేనండీ. మొదట్లో వారం వారం మార్చేవాణ్ణండీ. పేరు చెక్కున్నది వచ్చాక మార్చలేకపోయానండీ. క్షమించండి అత్తయ్యగారూ."

ఆవిడ గేదెని పక్కకి తోసి, మోడుని రెండు చేతులా పట్టుకుని లాగింది. రాలేదు. మెడ ఎత్తి పైకి చూసింది. మేమంతా చూశాం. పంగ దగ్గర, బెరడు చీల్చుకుని, బియ్యపుగింజంత ఆకుపచ్చ చిగురు. దాని పైన ఇంకొకటి. తొడ లావు గంగరావి కొమ్మకి వర్షాకాలమంతా నీళ్లు పోస్తే వేరు తొడగదా మరి! పాతింది అబద్ధానికైనా, ఆవిడ పోసినవి నిజం నీళ్లు.

"బాబీ ఎవరు?" అంది అత్తగారు చిగురు మీంచి కళ్లు తిప్పకుండా.

"నాకూ తెలీదండీ."

మంగాయమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏవండీ, మా గేదేమన్నా పాడు చేసిందాండీ?" అని అడిగింది.

జగ్గారావు మాత్రం నిమిషంలో తేరుకున్నాడు. "అమ్మా, వెంచర్ మొత్తానికి గ్యారంటీ ఉన్న చెట్టు మీదొక్కటేనండీ! గేదె పరీక్ష చేసిందండీ! ఇప్పుడే డబుల్ రేటిస్తాను, నాకిచ్చెయ్యండి!"

"అమ్మనండీ," అంది అత్తగారు. "మీరు ముందు ఈ యాభై తొమ్మిది గుంటల్లో మొక్కలు వెయ్యండి. వేళ్లున్నవి. మోకాలెత్తువైనా ఫర్వాలేదు. నేను ప్రతి ఆదివారం వచ్చి ఒక్కొక్కదాన్నీ లాగి చూస్తాను."

చచ్చినట్టు వేశాడు. ఆవిడ అన్నంత పనీ చేసింది, లాగి చూసింది.

నాకు మాత్రం వేరే శిక్ష. "ఆ చెట్టు నీడలో మీరు అడుగు పెట్టడానికి వీల్లేదండీ," అంది, అంతే నెమ్మదిగా, అంతే మర్యాదగా. అప్పటికి ఆ చెట్టు నీడ నా బొటనవేలంత ఉండేది. నవ్వుకున్నాను. తర్వాతగాని తెలిసిరాలేదు. ఏడాది తిరిగేసరికి గొడుగంతైంది. ఆవిడ అక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకుంది. పందిరి నేనే వేశాను, శంకుస్థాపనకి కుర్చీలు నేనే తెచ్చాను, అంతా ఎండలోనే నిలబడి. ఇందూ అత్తగారూ నీడలో కూర్చుని నాకు మజ్జిగ గ్లాసు చెయ్యి చాపి అందించేవారు. నేను చెయ్యి చాపి అందుకునేవాణ్ణి.

రెండువేల తొమ్మిది, మే నెల. చెట్టు పసుప్పచ్చ పూలతో కుర్చీకి, దాని పక్కన ఇంకాస్త చోటుకి సరిపడా నీడ పరిచింది. బెరడుతో పాటు అక్షరాలు కూడా సాగి, బాబీ అన్న పేరు రోడ్డు మీదికి కనబడుతోంది. నేను గేటు దగ్గర ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. అత్తగారు నన్ను చూసింది. తర్వాత లేచి, తన కుర్చీని ఓ మూరెడు పక్కకి జరుపుకుని, ఆ ఖాళీలో ఇంకో కుర్చీ వేసింది.

"రండి బాబీ గారూ," అంది. "కూర్చోండి."